చేపలకు ఐసు

నీళ్లతొట్టిలోని థర్మామీటరు చూసి మాదయ్యకు కాళ్లు చేతులు ఆడలేదు. అయిదు డిగ్రీలు!

కాలు విరిగి రెండు నెలలు ఇంట్లో పడి ఉండి, ఆ ఆదివారమే మళ్లీ ల్యాబుకు వాచ్‌మన్ డ్యూటీకి వచ్చాడు. తను సెలవు పెట్టేనాటికి ఆ నీళ్లు సున్నా దగ్గర ఉండేవి. అందులో ఉన్నవి దక్షిణ ధ్రువం నుంచి ఓడలో తెచ్చిన పన్నెండు చేపలు. ‘‘వేడి తగిలితే ఇవి బతకవు, మాదయ్యా’’ అని వాటి మీద పరిశోధన చేసే వినోదిని మేడమ్ మొదటిరోజే చెప్పింది.

నీళ్లను చల్లబరిచే మిషన్ గుర్రుమంటూనే ఉంది. అయినా అయిదు! చేపలు తొట్టంతా గిరగిరా తిరుగుతున్నాయి. అతన్ని చూడగానే అద్దం దగ్గరికి ఉరికొచ్చి నోళ్లు తెరిచాయి.

‘‘అయ్యయ్యో! ఊపిరాడక అల్లాడిపోతుండాయే!’’

మేడమ్ ఢిల్లీ నుంచి విమానంలో వస్తోంది. ఫోను కలవలేదు. మాదయ్య కుంటుకుంటూ ఆటో ఎక్కి, వాషర్‌మెన్‌పేట్ మార్కెట్లో చేపలమ్మే లూర్దుమేరి ముందు దిగాడు.

‘‘లూర్దమ్మా, ఈడుండే ఐసంతా ఇచ్చెయ్. చేపలకి.’’

‘‘ఏం చేపలన్నా? వంజరమా?’’

‘‘కాదు, ప్రాణంతో ఉండే చేపలకి!’’

లూర్దుమేరి కత్తి పక్కన పెట్టింది. ‘‘ప్రాణంతో ఉండేదానికి ఐసెందుకన్నా? ఎండకి నీకేమన్నా అయిందా?’’

ఆ వింతేదో చూద్దామని, మూడు గోతాల ఐసుతోపాటు తనూ ఆటో ఎక్కింది.

ఇద్దరూ ఐసు ముక్కల్లో ఉప్పు కలిపి, ప్లాస్టిక్ కవర్లలో మూటలు కట్టి తొట్టిలోకి దించారు. కరిగినకొద్దీ మార్చారు. మధ్యాహ్నం తిండి లేదు. వేళ్లు కొంకర్లు పోయాయి. మాదయ్యకు కాలు ఒకటే సలుపు. నాలుగు... రెండు... ఒకటి... సాయంత్రానికి సున్నా!

చేపలు తిరగడం మానేసి, అడుగున కదలకుండా ఉండిపోయాయి.

‘‘చూడు లూర్దమ్మా, ఎంత నిమ్మళంగా పండుకున్నాయో!’’ మాదయ్యకు కళ్లు చెమర్చాయి.

అప్పుడే వినోదిని మేడమ్ సూట్‌కేసుతో విమానాశ్రయం నుంచి నేరుగా వచ్చింది. తేలుతున్న ఐసు మూటలు చూసింది. థర్మామీటరు చూసింది.

‘‘మీరేం దిగులుపడొద్దు మేడమ్. అయిదుకి పోయుండె. సున్నాకి దించేసి కాపాడినాను’’ అన్నాడు మాదయ్య, గర్వంగా చేతులు తుడుచుకుంటూ.

మేడమ్ సూట్‌కేసు మీదే కూలబడింది.

‘‘వాటిని ఆ అయిదు డిగ్రీలకు అలవాటు చెయ్యడానికే నాకు రెండు నెలలు పట్టింది, మాదయ్యా!’’