చివరి చరణంలో పేరు లేదు

జీపు వచ్చి ఇంటి ముందు ఆగేసరికి సుందరం సారు చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టాడు. అవి ఎలక్షన్ల రోజులు. పోటీలో ఉన్న బయపురెడ్డి జీపు జమ్మలమడుగులో ఊరికే ఏ ఇంటి ముందూ ఆగదు.

"రెడ్డి పిల్చుకోని రమ్మన్యాడు సారూ. హార్మోనియం గూడా ఎత్తుకోమన్యాడు," అన్నాడు డ్రైవరు.

భార్య సారమ్మ గడప దాటలేదు. పోయిన ఎలక్షన్లలో పోలింగ్ బూత్ దగ్గర పడిన బాంబుకు ఆమె తమ్ముడు నతానియేలు పోయాడు. అప్పటినుంచీ జీపు చప్పుడు వింటే చాలు, ఆమె ఉన్నచోటే నిలబడిపోతుంది.

పులివెందుల దాటాక రెడ్డి చీనీతోట. బత్తాయి చెట్ల నీడన రెడ్డి మంచం మీద కూర్చున్నాడు. మోటారు కొట్టం ముందు, మట్టిలో, చేతులు కట్టేసిన దేవపాలు. సారు దగ్గర పాటలు కట్టడం నేర్చుకున్న శిష్యుడు. సారును చూడగానే భోరుమన్నాడు.

అంతా ఒక పాట మీద వచ్చిన రగడ. పాటంటే మామూలు పాటా! నెల రోజులుగా ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా బస్సుల్లో అదే, పెళ్లిళ్లలో అదే. పోలింగుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

"పాడరా," అన్నాడు రెడ్డి తన మనిషితో. వాడు గొంతు సవరించుకున్నాడు.

"పెట్టె నిండినాదంట, మా రెడ్డి గెలిచినాడంట,
పాడె లేచినాదంట, పల్లె ఓడినాదంట..."

"అట్ల కాదప్పా!" సారుకు ఒళ్లు మండింది. "పాడె అనే కాడ గొంతు పైకి పోగూడదు, కిందికి దిగాల. పాటను చంపుతాండావు."

రెడ్డి నవ్వలేదు.

"పాట కట్టినోడు చివరి చరణంలో తన పేరు పెట్టుకుంటాడని నువ్వే చెప్పినావు గదా సారూ. దీనికి మూడు చరణాలుండాయి. పేరుండే చరణమే లేదు. రెండు లైన్లు ఇంటే ఎవరిదో చెప్తావంట గదా, చెప్పు. దేవపాలుదే గదా?"

ఆ మాట నిజమే. చర్చిలో కొత్త కీర్తన వస్తే పల్లవి పూర్తికాకముందే ఇది ఫలానావాళ్లదని సారు చెప్పేసేవాడు. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పే ఇప్పుడు కొంప ముంచింది.

కొట్టం గోడకు వేటకొడవలి ఆనించి ఉంది. సారు అటు చూడకుండా హార్మోనియం మెట్ల మీద వేళ్లు పెట్టాడు.

"వీనిది కాదు. వీని పాట తాళం దెబ్బ మీదనే మొదలైతాది. చరణం చరణానికీ పైపైకి ఎక్కుతాది. గొంతు చూపించుకునే పిచ్చి వీనికి. ఇది అర దెబ్బ వదిలి మొదలైతాది. యాడా ఎక్కదు. చెప్పేదేందో కింద గొంతులోనే చెప్తాది."

"అయితే వీరపునాయునిపల్లె నారాయణదా?"

"ఆయనది భజన పద్ధతి. జనం అందుకోవాలని పల్లవి నాలుగు తూర్లు తిప్పుతాడు. దీంట్లో పల్లవి ఒక్కతూరే."

"అయ్యన్నీ నాకెందుకు? పేరు చెప్పు. లేదంటే దేవపాలుదే అనుకుంటా." రెడ్డి మంచం దిగాడు. దేవపాలు ఏడుపు ఆగిపోయింది.

సారు హార్మోనియం మెట్ల మీది నుంచి చేతులు తీశాడు.

"నాది," అన్నాడు.

రెడ్డి ఒక్క క్షణం బిత్తరపోయాడు. తర్వాత పగలబడి నవ్వాడు.

"ఆరేండ్లు మిషన్ బళ్లో నీ కాడ చదివినా సారూ. క్రిస్మస్సుకు నన్ను గూడా నిలబెట్టి పాడించినావు. నీ పాట నాకు తెలీదా? సల్లగా మొదలైతాది, సల్లగా ముగుస్తాది. ఇంటా ఇంటా శానా తూర్లు నిద్రపోయినా. ఈ పాట నిండా పగ. నీకు యాడిది పగ? బామ్మర్ది పోయినప్పట్నుంచి పాటే కట్టలేదంట గదా నువ్వు."

"నేనే కట్టినా నాయనా."

"సాల్లే సారూ." రెడ్డి గొంతు మెత్తబడింది. తన మనుషుల వైపు తిరిగాడు. "సూడండ్రా, శిష్యుని కోసం మెడ ముందుకు పెడతాండాడు. ఇట్లాంటి అయివారు యాడ దొరుకుతాడు? వీడు కాదు, వీని కట్లిప్పండి. అవతలి పార్టీవోళ్లు ఏ కర్నూలు నుంచో మనిషిని పిలిపించి కట్టించినట్టుండారు."

పోయేటప్పుడు జీపులో ఒక గోనె చీనీకాయలు కూడా వేయించాడు.

దారి పొడుగునా దేవపాలు సారు చేయి వదల్లేదు. "నా కోసరం అబద్ధం చెప్పినారు సారూ," అని ఒకటే ఏడుపు.

ఇంటికి చేరేసరికి సారమ్మ గడపలోనే నిలబడి ఉంది. పొద్దుననగా నిలబడిన చోటే.

"ఏమడిగినాడు?"

"ఆ పాట ఎవురిదని."

"దేవుడా! ఏం చెప్పొచ్చినావు?"

సారు లోపలికి పోయి, హార్మోనియం పెట్టె అడుగు నుంచి మడత కాగితం తీసి, ఇంకా జనంలోకి వదలని నాలుగో చరణంలో తన పేరు కొట్టేసి నతానియేలు పేరు రాశాడు.