పన్నెండు గంటల గడి

"ఛీ! ఈ కాగితం ముట్టుకుంటేనే చెయ్యి కడుక్కోవాలనిపిస్తోంది!"

పెద్దక్క చార్టును బల్ల మీదికి విసిరింది. ఎమ్మెస్సీ నర్సింగ్ అమ్మాయిలు ఐదుగురూ ఉలిక్కిపడ్డారు. పదేళ్లు ఈ ఆస్పత్రి వార్డులోనే నర్సుగా చేసి చదువుకు వచ్చింది కనుక ఆమె అందరికీ పెద్దక్క.

ప్రతి బుధవారం వాళ్లకు బృంద చర్చ. పరిశోధనకు పాత రికార్డును ఎంతవరకు నమ్మవచ్చో తేల్చడం ఆనాటి పని. నర్సుల పేర్లు, సంతకాలు రికార్డు గదిలోనే నల్ల సిరాతో కొట్టేసి పంపారు.

"అంత తప్పేముందక్కా? పుళ్లు పడకుండా రోగిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పినట్టు రాశారుగా" అంది ఒకమ్మాయి.

"అదే రోత! ఎనిమిది, పది, పన్నెండు, రెండు. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు. ఏ వార్డులో కుదురుతుందే అలా? డ్యూటీ దిగేముందు కుర్చీలో కూర్చుని నాలుగు గడులూ ఒకేసారి నింపేసింది మహాతల్లి. అక్షరాలు చూడు, ముత్యాలు!"

"ఊహ చాలదమ్మా, ఆధారం కావాలి" అన్నారు చర్చ నడిపే మేడం.

పెద్దక్క స్కానింగ్ కాగితం లాగి చూపించింది. ఆ రోజు పన్నెండింటికి ఆ ముసలి రోగి స్కానింగ్ గదిలో ఉన్నాడు. చార్టులో మాత్రం సరిగ్గా పన్నెండింటికి మంచం మీద ఎడమ పక్కకు తిరిగాడు.

వారానికల్లా ఆయన నడుం కింద ఎముక కనబడేంత పుండు పడిందని తర్వాతి పేజీలో ఉంది. ఆ కంపు ఇప్పుడే తగిలినట్టు పెద్దక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

మేడం నిట్టూర్చారు. "పాత సంగతి. రికార్డుల్లో లోపాలున్నాయని ఒక వాక్యం రాసి వదిలేద్దాం."

"మనిషి ఒళ్లు కుళ్లిపోతే ఒక వాక్యమా మేడం? సూపరింటెండెంటుగారికి ఫిర్యాదు రాద్దాం. దాని ఉద్యోగం పోతే పోనివ్వండి. పోవాలి!"

ఉత్తరం అక్కడికక్కడే తయారైంది. ఐదుగురమ్మాయిలూ ఆవేశంగా సంతకాలు చేశారు.

"బాగానే ఉంది. ఇంతకీ ఎవరి మీద? పేరు నాక్కూడా తెలీదే!" అన్నారు మేడం.

పెద్దక్క పెన్ను అందుకుని, ఆ నర్సు పేరుకని ఖాళీ వదిలిన చోట ముత్యాల్లాంటి అక్షరాలతో తన పేరు రాసింది.