దూరని జాకీ

“ఇది మీ కారు కిందికి దూరదమ్మా,” అన్నాడు దుకాణదారు రెండోసారి. “కారు నేలకి బెత్తెడు ఎత్తేనంటున్నారు. ఈ జాకీ పూర్తిగా దించినా జానెడుంటుంది. ఆ పొట్టిది తీసుకోండి, ఇట్టే దూరుతుంది.”

“నాకిదే కావాలి.”

“చూస్తూ చూస్తూ పనికిరాని సరుకు ఎలా అంటగట్టనమ్మా? తర్వాత మార్చమన్నా మార్చను.”

“అడగను. బిల్లు రాయండి.”

ఆమె చేతిలో ఫోను మోగింది. భర్త పేరు చూసి ఫోనెత్తింది.

“దొరికిందా? అన్నిటికన్నా కిందికి దిగేదే తీసుకో. అసలు నీకు తెలీదుగానీ, ఫోను ఆ షాపాయనకివ్వు, నేను చెప్తా.”

ఆమె ఫోనుని అరచేత్తో మూసింది.

“పోయిన నెల మావారు కారు కింద ఉండగానే పాత జాకీ జారి, భుజం నలిగిపోయింది,” అంది గొంతు తగ్గించి. “జాకీ జారినా కారు పడకుండా కింద స్టాండ్లు పెట్టుకోమని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. రేపు కట్టు విప్పుతారు. ఎల్లుండికల్లా మళ్లీ కారు కిందే ఉంటారు. జాకీ దూరకపోతే ఆయనా దూరలేరు.”

“వినపడుతోందా? ఆయనకివ్వమంటే!” ఫోనులోంచి అరుపు.

దుకాణదారు చెయ్యి చాచాడు. ఇవ్వక తప్పలేదు.

“చెప్పండి సార్... పొట్టి రకమా? అయ్యో, అది రావడమే మానేసిందండీ. ఊరంతా గాలించినా దొరకదు.”

అంటూనే ఎదురుగా ఉన్న పొట్టి జాకీని కాలితో బీరువా కిందికి తోశాడు. అది ఎక్కడా తగలకుండా ఇట్టే దూరిపోయింది.