అమోక్ వచ్చిన పూట

మసీదు డోలు మోగింది. నమాజు వేళ కాదు. ఊపిరి తిప్పుకోనివ్వకుండా మోగుతూనే ఉంది.

"అమోక్! అమోక్!" దూరంగా కేకలు.

అంతే, మలయా దేశంలో పేరాక్ ఏటి ఒడ్డున ఆ ఊళ్ళో తలుపులన్నీ దడదడ మూసుకున్నాయి. పాండక్ అల్లుతున్న వలను అక్కడే పారేసి, ముళ్ళ పంగలకర్ర అందుకున్నాడు. ఇలాంటి రోజు కోసమే ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. పంగను మెడకు తగిలించి నేలకు నొక్కితే ముళ్ళు దిగబడతాయి. ఎంతటి బలశాలి అయినా మెదల్లేడు.

ఎత్తైన స్తంభాల మీద ఇల్లు. పైన గుమ్మంలో భార్య మెలూర్ చంటిదాన్ని చంకనేసుకుని నిలబడింది.

"ఎవరంటయ్యా?"

"డోలుకు పేర్లు తెలుస్తాయటే? లోపలికి పో!"

"తమ్ముడు పొద్దుననగా పోయాడు, ఇంకా రాలేదు..."

పాండక్ బావమరిది ఆలాంగ్‌కి అసలే ముక్కు మీద కోపం. పొద్దున పందెంలో వాడి కోడి ఓడిందని కాఫీ కొట్టు దగ్గర నలుగురూ ఆటపట్టించారు. "ఒక్కొక్కడి అంతు చూస్తా" అంటూ కత్తి పట్టుకుని కొబ్బరితోటకు పోయాడు.

వాడే అయితే? అమోక్ పట్టినవాడికి అక్కా లేదు, బావా లేదు.

తాతల కాలంలో అది యుద్ధంలో చావుకు తెగించినవాళ్ళు వేసే కేక. తర్వాత్తర్వాత, మనసు విరిగి, కళ్ళకు చీకట్లు కమ్మి, ఎదురుపడినవాణ్ణల్లా నరికేవాడికి పేరయింది. ఇప్పుడు ఇంగ్లీషువాళ్ళూ ఆ మాటను పట్టుకుపోయారు. మొన్న రబ్బరుతోట దొర కుక్క కోళ్ళ మీద పడి బీభత్సం చేస్తే, దొర "అమోక్!" అని పగలబడి నవ్వాడు.

"అది నవ్వులాట మాట కాదు దొరా" అన్నాడు పాండక్.

"అయితే అమోక్ ఎవరో మీకెలా తెలుస్తుందోయ్?"

"అదేం ప్రశ్న దొరా! వెనక కత్తి పట్టుకుని పరిగెత్తేవాడు అమోక్. ముందు పరిగెత్తేవాడు బతుకుజీవుడు."

ఇంతలో దారి మలుపులో ఎవరో కనిపించారు. సమాద్! కలరాలో పెళ్ళాం, కొడుకు పోయిన దగ్గర్నుంచి ఎవరితోనూ పలకని మనిషి. గట్టిగా తుమ్మాలన్నా జంకేవాడు. రెండు చేతులూ లుంగీ మడతల్లో దూర్చి, పొట్ట పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు. లుంగీ అంతా నెత్తురు.

"అయ్యో, పొడిచేశాడా! రా నాయనా, రా!"

సమాద్ వెర్రి చూపులు చూశాడు. బెదిరిపోయాడు పాపం, అనుకుని పాండక్ వాణ్ణి నిచ్చెన ఎక్కించాడు.

"మెలూర్! వీడికి మంచినీళ్ళియ్యి. నిచ్చెన పైకి లాగి గడియ పెట్టు. ఎవరు పిలిచినా తీయకు. నేను పిలిచినా సరే!"

"నువ్వు పిలిచినా?"

"వాడు నా మెడ మీద కత్తి పెట్టి పిలిపిస్తే? నువ్వూ పిల్లా బతికుంటే నాకదే చాలు."

నిచ్చెన పైకి పోయింది. గడియ పడింది. అమ్మయ్య అనుకున్నాడు.

మలుపు తిరిగి వచ్చినవాడు ఆలాంగే. చేతిలో కత్తి. భుజం నుంచి వేళ్ళ దాకా నెత్తురు.

"వదలను! వాణ్ణి వదలను!" అని రొప్పుతున్నాడు.

పాండక్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా కర్ర సూటిగా మెడకు తగిలించి, బలమంతా వేసి పడగొట్టాడు. ముళ్ళు దిగాయి. కత్తి ఎగిరి బురదలో పడింది.

వెనకే బల్లేలతో ఊరంతా విరుచుకుపడింది.

"పొడిచెయ్యండి వాణ్ణి! మసీదు మెట్ల మీద మూడు శవాలు!"

ఒక బల్లెం తొడలో దిగింది. ఆలాంగ్ గావుకేక పెట్టాడు. పాండక్ అడ్డం పడ్డాడు.

"ఆగండి, మీకు పుణ్యముంటుంది! దొరికాడుగా, ప్రాణాలతో అప్పగిద్దాం. వీడి అక్క పైనే ఉంది, ఆమె కళ్ళ ముందు వద్దు!"

పైన చంటిది కెవ్వున ఏడ్చింది. అంతలోనే ఊరుకుంది. తల్లి పాలు పట్టినట్టుంది, అనుకున్నాడు పాండక్.

అందరూ కాస్త వెనక్కి తగ్గారు. పాండక్ పంగను కొంచెం సడలించాడు. ఆలాంగ్ నెత్తురు ఉమ్మి, దారి అటూ ఇటూ వెతికి చూశాడు.

"బావా, మసీదు దగ్గర ముగ్గుర్నీ నరికిన ఆ సమాద్‌గాడు ఎటు పోయాడు?"