పాడనివాడి సీటు

గట్టు తెగి నది నీళ్ళు స్టేషను మెట్లెక్కిన వరదకి అది మూడో ఏడు. మే నెల, శనివారం మధ్యాహ్నం. బేస్‌బాల్ మైదానంలో ఆరో ఇన్నింగ్స్ నడుస్తుండగా తొకుజి ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

పాటల స్టాండులో సొంత జట్టు బ్యాటు పట్టిందంటే అందరూ నిలబడి పాడాల్సిందే. తొకుజి ఒక్కడే చేతులు కట్టుకుని కూర్చుంటాడు. పాడటానికే లేచాడనుకుని పక్క సీటు ఫుసే గారు మురిసిపోయింది.

"అమ్మయ్య! పన్నెండేళ్ళకి పెద్దాయన నోరు తెరుస్తున్నాడు."

తెరిచాడు. పాటకి కాదు.

"ఏమయ్యా నెగోరో! నా మొహమ్మీద ఏమన్నా రాసుందా?"

నెగోరో స్టాండు ముందు చెక్కపెట్టె ఎక్కి, తెల్ల చేతితొడుగులతో అందరినీ పాడించేవాడు. మామూలు రోజుల్లో చాపలు కుట్టుకుంటాడు. అతని చెయ్యి ఆగింది. దానితోపాటు డోలూ, నాలుగు బూరాలూ ఆగాయి.

"కూర్చోండి తాతగారూ. పాట మధ్యలో ఉంది."

"దేనికయ్యా పాట? మూడు పరుగులు వెనకబడి ఉన్నాం. మన బ్యాటువాడేమో బ్యాటు అడ్డం పెట్టి బంతిని కాళ్ళ దగ్గర పడేశాడు. ముందు కొట్టి మైదానం మూలన నిలబడ్డవాణ్ణి ఇంకో మూలకి జరపడానికి వీడు అవుటైపోవాలా? దానికి బూరాలొకటి!"

"జట్టు కోసమే గదండీ, పాపం" అంది ఫుసే గారు.

"జట్టు కోసమైతే కొట్టమను."

"అత్తగారికి కోపమొచ్చిందిరోయ్!" అన్నారు వెనకనించి ఎవరో. ఆ స్టాండులో అతనికి ఆ పేరు ఏనాడో పడిపోయింది. నలుగురూ నవ్వారు. తొకుజి నవ్వలేదు.

"ఆట సంగతి అలా ఉంచు. ఇంతమంది ఉండగా ప్రతి బంతికీ నన్నే చూస్తావేం? దొంగని కాపలా కాసినట్టు! పాడని వాడికి ఇక్కడ చోటు లేదంటే నోటితో చెప్పు. లేచిపోతాను."

"నేను పొమ్మన్నానా?"

"మరెందుకా చూపు?"

నెగోరో మొహం కందిపోయింది. ఏదో అనబోయి వెనక నిలబడ్డ బూరాల వాళ్ళని చూసి మానేశాడు. చేతితొడుగులు లాక్కుని సర్దుకున్నాడు.

"పాడకపోయినా పరవాలేదు. అక్కడే కూర్చోండి" అన్నాడు మెల్లగా.

"నోటితో పరవాలేదంటావు, కంటితో పొమ్మంటావు."

తొకుజి తను కూర్చునే దిండు చంకన పెట్టుకున్నాడు. సగం తిన్న అన్నం డబ్బా మూతపెట్టి మెట్లు దిగిపోయాడు. పన్నెండేళ్ళుగా కూర్చున్న చోటు. వెనక్కి తిరిగి చూడటానికి మనసొప్పలేదు.

ఆట మధ్యలో ఇంటికి పోయే అలవాటు లేదు. మైదానం మూడో మూల వైపు సీటు ఒకటి కొనుక్కుని కూర్చున్నాడు. అక్కడ నీడ ఉంది. ఎవరూ లేవరు, ఎవరూ పాడరు. పక్కన టై కట్టుకున్న పెద్దమనిషి.

"మనవాడి భుజం జారిపోతోంది చూశారా? ఇంకో ముగ్గురికి మించి బంతి వెయ్యలేడు" అన్నాడు తొకుజి.

"అలాగాండీ" అన్నాడు పెద్దమనిషి.

"అసలు వాణ్ణి పోయిన ఇన్నింగ్స్‌లోనే దింపెయ్యాల్సింది."

"నిజమేనండీ."

ముగ్గురు కాదు, రెండోవాడే బంతిని గోడకి కొట్టాడు. తన మాట నిజమైంది. అయినా దెప్పేవాళ్ళు లేరు, వాదించేవాళ్ళు లేరు. మిగిలిన అన్నం తిన్నాడు. చప్పగా ఉంది.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మనవాడు ఒకడు బంతిని ఆకాశానికి లేపాడు. మైదానమంతా హోరెత్తింది. ఎదుటి జట్టు వాడు గోడకి ఆనుకుని ఆ బంతిని పట్టేశాడు. అవుట్. ఆ పైన పాటల స్టాండులో బూరాలు మోగాయి. పరుగు వచ్చినప్పుడు పాడే పాట! ఎదుటి జట్టు జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

తర్వాత నిజంగానే రెండు పరుగులు వచ్చాయి. పాట లేదు. బ్యాటు పట్టాల్సిన వాణ్ణి ఆపి కొత్తవాణ్ణి దింపారు. ఒక్కో ఆటగాడికీ ఒక్కో పాట ఉంటుంది; వెనక్కి వెళ్ళిపోయినవాడి పాట వీడికి పాడారు. కుర్రాడు తికమకపడి బ్యాటు దించి అటు చూశాడు, వచ్చే బంతిని చూడలేదు. అవుట్.

"ఈ నెగోరోకేమైందివాళ? తాగొచ్చాడా?" అన్నాడు తొకుజి.

"అయ్యుండొచ్చండీ" అన్నాడు పెద్దమనిషి.

ఒక్క పరుగు తేడాతో ఓడిపోయారు. తొకుజికి ఓటమి కన్నా ఆ పాటలే మనసులో గుచ్చుకున్నాయి. అయినా పొమ్మన్నట్టు చూసేవాడి ముందుకి మళ్ళీ వెళ్ళడమేమిటి? రేపు కూడా నీడలోనే కూర్చుందామనుకున్నాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి అతను టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ నెగోరో చేతితొడుగులు లేకుండా నిలబడి ఉన్నాడు. తొకుజిని చూడగానే నడుము దాకా వంగాడు.

"తాతగారూ, మీ సీటులో ఇంకెవరూ కూర్చోకుండా పేపరు పరిచి టేపు వేసి వచ్చాను. రండి."

"నేను పాడను."

"పాడొద్దు."

"తప్పులు పడతాను."

"పట్టండి. మొహం మాత్రం అటు తిప్పేసుకోకండి."

"మళ్ళీ నా మొహమేనా! అసలేముందయ్యా ఇందులో?"

నెగోరో అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"పాడించేవాడు మైదానానికి వీపు పెట్టి నిలబడాలి గదండీ. పన్నెండేళ్ళలో నేను ఒక్క బంతి చూసినవాణ్ణి కాదు. వాళ్ళంతా గెలిచినా ఓడినా ఒకే మొహంతో పాడతారు. నాకు ఆట కనపడేది మీ మొహంలోనే."