పద్దెనిమిది నిమిషాలు

"సార్, నాకు కొత్త సిస్టమ్ వద్దు. పాతదే ఉంచండి."

సిస్టమ్స్ ఇన్‌చార్జి తన చెవులను తానే నమ్మలేకపోయాడు. పదిహేనేళ్ల సర్వీసులో కొత్త కంప్యూటర్ వద్దన్న మనిషిని చూడటం ఇదే మొదలు. మిగతా వాళ్లంతా వారం రోజులుగా ఆయన ప్రాణాలు తోడేస్తున్నారు. ఒకాయనకు ముప్పై రెండు జీబీ ర్యామ్ కావాలట. ఇంకొకాయనకు రెండు మానిటర్లు కావాలి, అందులో ఒకటి నిలువుగా తిరగాలట.

అది మొబైల్ యాప్‌లు తయారుచేసే కంపెనీ. ఏ సిస్టమ్ కొనాలో, ఎవరికి ఏది అమర్చాలో తేల్చేది ఇన్‌చార్జే. అది చాలదన్నట్టు ఆఫీసు నియమాలు కూడా ఆయనే నెత్తికెత్తుకున్నాడు. కీబోర్డు దగ్గర తిండి తినకూడదు. సొంత పెన్‌డ్రైవ్ పెట్టకూడదు. ఒకే టీములో బంధువులు పనిచేయకూడదు. గాజు తలుపును చేత్తో తోయకూడదు, హ్యాండిల్ పట్టుకోవాలి. అన్నీ ప్రింటు తీసి గోడకు అంటించాడు, స్కేలు పెట్టి మరీ.

"ఎందుకు వద్దయ్యా? నీ మెషీన్ మీద బిల్డ్‌కు ఎంతసేపు పడుతోంది?"

రాసిన కోడంతా ఫోనులో నడిచే యాప్‌గా తయారవడాన్ని అక్కడ బిల్డ్ అంటారు. అది అయ్యేదాకా మనిషి చేసేదేమీ ఉండదు.

"పద్దెనిమిది నిమిషాలు సార్," అన్నాడు డెవలపర్, ఎంతో తృప్తిగా.

"కొత్తదాంట్లో నిమిషన్నరలో అయిపోతుంది."

డెవలపర్ ముఖం వాడిపోయింది. "అంత తొందరేముంది సార్?"

ఇదేదో తేడాగా ఉందే అనుకున్నాడు ఇన్‌చార్జి. మర్నాడు కనిపెట్టుకుని కూర్చున్నాడు.

పదకొండు గంటలకు డెవలపర్ బిల్డ్ పెట్టాడు. తెర మీద గీత నత్తలా పాకడం మొదలైంది. అతను లేచి వెనక మెట్ల వైపు వెళ్లాడు. అర నిమిషానికి అదే టీములో టెస్టింగ్ చేసే ఆవిడ లేచింది. చేతిలో రెండు టీ కప్పులు.

ఆవిడకు పెళ్లయింది. భోజనాల దగ్గర ఎప్పుడూ ఇంటి గొడవే చెబుతుంది. రెండు గదులు, ఏడుగురు మనుషులు, అత్తగారు టీవీ పెడితే వీధి చివరిదాకా వినపడుతుందట. డెవలపర్‌కూ పెళ్లయింది. పోయిన వారమే పిల్లాడికి జ్వరమని సెలవు పెట్టాడు. ఆ రోజు ఆవిడా రాలేదు! అప్పుడు తట్టలేదు గానీ, ఇప్పుడు తట్టింది ఇన్‌చార్జికి.

మెట్ల తలుపు సందులోంచి మాటలు వినపడ్డాయి.

"ఇంట్లో నోరు విప్పే వీలెక్కడుంది?" అంటోంది ఆవిడ.

"అందుకేగా ఈ డొక్కు మెషీన్‌ను పట్టుకుని వేలాడుతున్నాను. ఇదీ పోతే నీతో ఎప్పుడు మాట్లాడతాను చెప్పు?"

ఆవిడ నవ్వింది. ఆఫీసులో ఆవిడ అలా నవ్వగా ఎవరూ విని ఉండరు. ఇన్‌చార్జికి ఒళ్లు మండిపోయింది. రెండు కాపురాలు! తన కళ్లముందే, తన సర్వర్ గది పక్కనే!

ఆ సాయంత్రమే కొత్త పెట్టె విప్పాడు. ఉన్నవాటిలోకెల్లా మంచిది ఎంచి డెవలపర్‌కే పెట్టాడు. ర్యామ్ రెట్టింపు చేశాడు. వేగమైన డిస్కు బిగించాడు. యాప్ రాసే సాఫ్ట్‌వేర్లన్నీ ఎక్కించాడు. పరీక్షలకు చిన్నవీ పెద్దవీ నాలుగు ఫోన్లు కేబుళ్లతో వరసగా అమర్చాడు. కాపురాలు నిలబెట్టడానికి అంత శ్రద్ధగా కేబుళ్లు కట్టినవాళ్లు లోకంలో ఇంకొకరు ఉండరు.

మర్నాడు పొద్దున్నే, కొత్త సిస్టమ్ కోసం డెవలపర్ నింపిచ్చిన ఫారం తీసుకుని వచ్చాడు.

"కింద కాలమ్ ఖాళీగా వదిలావేం? నువ్వు దొరక్కపోతే ఎవరికి ఫోన్ చేయాలి? నంబరు, సంబంధం రాయి."

"అవసరమా సార్?"

"అవసరమే."

డెవలపర్ పెన్ను మూత రెండుసార్లు తీసి పెట్టి, చివరకు నంబరు రాశాడు. పక్కన చిన్న అక్షరాలతో 'భార్య' అని రాశాడు.

మొదటి బిల్డ్ ఎనభై ఏడు సెకన్లలో అయింది. టెస్టింగ్ ఆవిడ కప్పులు పట్టుకుని మెట్ల దగ్గరికి చేరేసరికి, టీమ్ లీడర్ డెవలపర్‌ను కేకేశాడు. "అయిపోయిందిగా, పట్టుకురా, చూద్దాం!" ఆవిడ కాసేపు నిలబడి, రెండో కప్పు సింకులో పారబోసి వచ్చింది.

నాలుగు రోజులు అదే వరస. అయిదో రోజు డెవలపర్ సర్వర్ గదికి వచ్చాడు.

"సార్, మీ కాళ్లు పట్టుకుంటాను. పాత మెషీన్ ఇచ్చేయండి. ఆ పద్దెనిమిది నిమిషాలు లేకపోతే పిచ్చెక్కేలా ఉంది." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సిగ్గుండాలయ్యా!" అన్నాడు ఇన్‌చార్జి. "ఆ మాట్లాడేదేదో వెళ్లి నీ భార్యతో మాట్లాడు."

డెవలపర్ ఏదో చెప్పబోయాడు. గోడ మీది నియమాల వంక చూశాడు. నోరు మూసుకుని వెళ్లిపోయాడు.

ఇక లాభం లేదు. ఆ ఇల్లాలి చెవిన వేయాల్సిందే. ఇన్‌చార్జి ఫారం తీసి హాల్లోకి వచ్చాడు, అక్కడైతే సిగ్నల్ బాగుంటుంది. చెప్పాల్సిన మాటలు మనసులో రెండుసార్లు అనుకున్నాడు. 'అమ్మా, మీవారి ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. మీ మంచి కోరి చెబుతున్నాను...' గొంతు సవరించుకుని నంబరు నొక్కాడు.

నాలుగు టేబుళ్ల అవతల, చల్లారిపోయిన టీ కప్పు పక్కన ఫోను మోగింది. టెస్టింగ్ ఆవిడ తీసి "హలో" అంది.