కదిలే బల్లలు

"ఈ పెద్ద అక్షరం తోక ఎటు తిప్పాలో బోర్డు మీద ఒక్కసారి రాసి చూపించండి మిసెస్ స్ట్రౌడ్," అంది ఒడెసా.

వెర్నా స్ట్రౌడ్ కుడిచెయ్యి స్వెటర్ జేబులోంచి బయటికి రాలేదు. "ఇవాళ బోర్డు దగ్గరికి వెళ్లే వంతు నీదేగా. నువ్వే రాయి. తప్పయితే చెబుతాను," అంది.

ఒడెసా లేవలేదు. ఆ జేబు వంకే చూస్తూ కూర్చుంది. కనిపెట్టేసిందా అనుకుంది వెర్నా. తాతయ్యలూ అమ్మమ్మలూ బడికొచ్చిన రోజున ఈ పిల్ల తన తాత కప్పును రెండు చేతులతో పట్టుకుని ఆయనకు పళ్లరసం తాగించింది. ఆయన చేతులు అంతలా వణికేవి. ఈ వణుకు ఆ పిల్లకు కొత్త కాదు.

వెర్నా చేతికి వేసవి చివర్లో మొదలైంది. ముందు చెంచాలో, తర్వాత తాళంచెవిలో, ఇప్పుడు పెన్సిల్లో. ఏళ్ల తరబడి మూడో తరగతికి అక్షరాలు కలిపి రాయడం నేర్పిన చెయ్యి అది. అక్టోబరులో గుమ్మడికాయలు గీసి వాటి కింద రాయించేది, నవంబరులో టర్కీ కోళ్లు, డిసెంబరులో చెట్టూ నక్షత్రాలూ. ఇప్పుడు పిల్లలకు నమూనా కాగితం రాయాలంటే ఎడమచేత్తో కుడి మణికట్టు బిగబట్టి, ఊపిరి కూడా బిగబట్టాల్సి వస్తోంది. చేత్తో రాసేదెవరు, ఆ గంట కంప్యూటర్లకి ఇచ్చేద్దామని పైవాళ్లు ఇప్పటికే అంటున్నారు. వణుకు సంగతి తెలిస్తే ఆ గంటతోపాటు ఆమెనీ క్రిస్మస్‌కల్లా ఇంటికి పంపేస్తారు. ఈ గది తప్ప ఆమెకు వేరే లోకం లేదు.

"రేపు థాంక్స్ గివింగ్ పండగ భోజనాల దగ్గర పళ్లేల కింద పరిచేది మీరు రాసే కాగితాలే," అంది పిల్లలతో. "మీరు ఎవరికి కృతజ్ఞులో పొద్దున టర్కీ బొమ్మ ఈకల మీద రాయాలి. పేరు మాత్రం వెనకవైపు. ముందు మిస్టర్ ప్రూయిట్ వచ్చి చూస్తారు. నా నమూనా కూడా చూస్తారట."

"మీది ఎందుకండీ?" అన్నాడు వెండెల్.

"ప్రిన్సిపాల్ కదా నాయనా. ఎవరిదైనా చూస్తారు."

మధ్యాహ్నం ఆటస్థలంలో పిల్లలంతా ఒడెసా చుట్టూ మూగారు. మధ్యలో వెండెల్ చెయ్యి చాపి గడగడా వణికించి చూపించాడు. కొందరు నవ్వారు. వెర్నాను చూడగానే అందరూ గప్‌చుప్.

"ఏంటి ఒడెసా ఆ గుసగుసలు?"

"ఏం లేదండి. ఆట."

ఆ రాత్రి ఆమెకు కంటిమీద కునుకు లేదు. రేపు ప్రూయిట్ ఒక్క మాట అడిగితే చాలు, ఆ పిల్ల కడుపులో మాట కక్కేస్తుంది.

మర్నాడు పిల్లలు రాస్తున్నంతసేపూ ఆమె బల్లల మధ్యకు వెళ్లనే లేదు. ప్రూయిట్ రానే వచ్చాడు. చేతిలో ఆమె నమూనా ఉంది.

"ఒక తల్లి ఫోన్ చేసింది వెర్నా. ఇంటికి పంపిన దీంట్లో గీతలన్నీ వణుకుతున్నాయట. నాకూ అలానే ఉంది. ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది," అంది వెర్నా చెయ్యి జేబులోంచి తీయకుండా.

ఆయన పిల్లల కాగితాలు పోగుచేసి ఒక్కొక్కటే తీశాడు. వెర్నా అవి చూసి బల్ల అంచు పట్టుకుంది. అమ్మకు, కుక్కపిల్లకు, తాతయ్యకు... ప్రతి ఈక మీదా అక్షరాలు వణుకుతున్నాయి. పిల్లలు నమూనాలో ఉన్నది ఉన్నట్టు దింపుతారని ఆమెకు తెలియదా? తన జబ్బును వాళ్ల చేతులకు అంటించేసింది.

"ఏంటర్రా ఈ రాత?" అన్నాడు ప్రూయిట్.

ఒడెసా లేచి నిలబడింది. అయిపోయింది అనుకుంది వెర్నా.

"బల్లలు కదులుతున్నాయండి," అంది ఒడెసా.

"మిసెస్ స్ట్రౌడ్ గారిదైతే మరీనూ. పెన్సిల్ ఆనిస్తే చాలు, ఊగుతుంది," అందుకున్నాడు వెండెల్.

ప్రూయిట్ ఎదురుగా ఉన్న బల్లను నొక్కి చూశాడు. కదిలింది. బడిలో బల్ల కదలకపోతేనే వింత. ఆయన నమూనా చూశాడు, పిల్లల కాగితాలు చూశాడు.

"అదా సంగతి. నేనింకేదో అనుకున్నాను. సెలవుల్లో అన్నీ బిగించమంటాను. ఏమీ అనుకోకండి వెర్నా."

ఆయన వెళ్లాడు. గంట కొట్టగానే పిల్లలు భోజనాలకు ముందు చేతులు కడుక్కోవడానికి పరిగెత్తారు. వెర్నా కుర్చీలో కూలబడింది. గండం గడిచినా మనసు కుదుటపడలేదు. పాడైన ఇన్ని చేతుల్ని మళ్లీ ఎలా దిద్దాలి? ఎవరి కాగితం ఎవరి పళ్లెం కింద పరచాలో చూద్దామని కట్ట తిరగేసింది.

వెనక రాసిన పేర్లలో ఒక్కటీ వణకలేదు.